అరచేతి వేడి

అర్ఫాత్ చనిపోయిన రోజు మధ్యాహ్నం అరబ్బు దేశంలోని వాడి కబీర్ పేటలో సగం వీధులకు కరెంటు లేదు. 1989 మే నెల. అసలు ఎండలు ఇంకా ముందున్నాయని అందరూ అంటూనే ఉన్నారు గాని, చుట్టూ నిలబడ్డ నల్లకొండలు అప్పటికే పెనాల్లా కాలుతున్నాయి. వర్క్‌షాపుల వెనక రేకుల రూముల్లో కూలర్లు ఆగిపోయాయి. అర్ఫాత్ ఉండే రూములో ఆరుగురికి ఒకటే ఫ్రిజ్. అందులో ఎవరి నీళ్ల సీసా వాళ్లదే. కలిసిపోకుండా సీసా మెడకు తలా ఒక రంగు దారం కట్టుకునేవాళ్లు. అర్ఫాత్‌ది ఆకుపచ్చ దారం. పొద్దున గడ్డకట్టించి పెట్టుకున్న సీసా, అతను డ్యూటీ దిగి వచ్చి చూసేసరికి ఖాళీగా ఉంది.

ఆ తరువాత జరిగినదాన్ని చూసినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ అర్ఫాత్‌తోపాటు వర్క్‌షాపులో పనిచేసేవాళ్లే, ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు.

జహీరుద్దీన్ చెప్పింది ఇది. నీళ్లు తాగింది ఖాదర్. అర్ఫాత్ అడిగితే, తల్లీతండ్రీ లేనోడివి, నీ దప్పిక ఎవరికి పట్టిందిరా అని ఎగతాళి చేశాడు. అర్ఫాత్ అతని చెంప పగలగొట్టాడు. ఖాదర్ గుమ్మం పక్కన పడివున్న లారీ చక్రాల స్పానర్ అందుకున్నాడు. మొదటి దెబ్బకు దవడ పగిలింది. రెండోది చెవి పైన పడింది. అర్ఫాత్ మంచం కోడు పట్టుకుని జారిపోతుంటే మళ్లీ ఎత్తాడు.

ఖాదర్ చెప్పిందీ ఇంచుమించు ఇదే, పేర్లు మాత్రం తారుమారయ్యాయి. తాగింది జహీరుద్దీన్, కొట్టింది జహీరుద్దీన్. తాను అడ్డం పడ్డాడు. వెనక్కి ఎత్తిన స్పానర్ తన ముక్కుకు తగిలింది. తన చొక్కా మీది రక్తం తన ముక్కులోంచి కారిందే.

కేకలు విని, లారీల కింద పనిచేస్తున్నవాళ్లు పరుగెత్తి వచ్చారు. ఖాదర్ చొక్కా నిండా రక్తం ఉంది. జహీరుద్దీన్ ఒంటి మీద చొక్కాయే లేదు. వాళ్లకు అంతే చాలింది. ఖాదర్ చొక్కా చింపి లాగేసి, షెడ్డు ఇనుపస్తంభానికి కట్టి, ఫ్యాన్ బెల్టులతో కొట్టారు. చేతులు నొప్పి పుట్టినవాళ్లు పక్కకు తప్పుకుంటే కొత్తవాళ్లు అందుకున్నారు. పోలీసులు వచ్చి కట్లు విప్పేసరికి అతని వీపు మీద తోలు పట్టీలు పట్టీలుగా లేచిపోయింది. ముక్కు ఎముక విరిగి ఉంది. అది బెల్టుల కింద విరిగిందో, అంతకు ముందే స్పానర్‌కు విరిగిందో చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. ఈ గొడవ నడుస్తుండగానే జహీరుద్దీన్ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

అర్ఫాత్ అక్క తహ్సీన్ దగ్గర్లోనే ఒక ఇండియన్ స్కూల్లో జీవశాస్త్రం టీచరు. రాయచోటిలో తల్లీతండ్రీ ఒకరి వెనక ఒకరు పోయాక తమ్ముణ్ణి ఆమే సాకింది. ఇక్కడికి వీసా తెప్పించిందీ ఆమే. ఆరోజు క్లాసు గుమ్మంలో నిలబడి, తమ్ముడికి దెబ్బ తగిలిందంట ఆపా, రా, అని పిలిచింది స్కూలు ఆయా అజీజా. అజీజా ఖాదర్ భార్య. వాళ్లదీ రాయచోటే. కొట్టినవాడిగా తన మొగుడి పేరే వినపడబోతోందని ఆమెకు అప్పటికి తెలియదు. అజీజాయే తహ్సీన్ చీరకు అంటిన సుద్ద దులిపి, చెయ్యి పట్టుకుని టాక్సీ దాకా తీసుకెళ్లింది.

ఆస్పత్రిలో అర్ఫాత్ కళ్లు తెరిచే ఉన్నాయి. దవడ ఒక పక్కకు వేలాడుతోంది. నాలుక చీలి, నోట్లోంచి గురగుర శబ్దం తప్ప ఏమీ రావడం లేదు. తహ్సీన్ చెవి ఆనించి చాలాసేపు విన్నది. అది మాట కాదు. పొద్దు వాలే అస్రు నమాజు వేళకు ఆ శబ్దం కూడా ఆగింది.

బయట వరండాలో పోలీసాయన హిందీలో అడిగాడు, చనిపోయే ముందు తమ్ముడు ఏమైనా అన్నాడా అని. తహ్సీన్ పక్కనే జహీరుద్దీన్ గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. అతను చెప్పిందంతా అప్పటికే ఆమె విని ఉంది. ఖాదర్ గొంతు తన చేతులతో నులమాలని ఆమెకు వేళ్లు గుంజుతున్నాయి. అన్నాడు, అంది. ఖాదర్ అని అన్నాడు, అంది. ఆ మాటను ఆమె రెండుసార్లు చెప్పింది, రెండోసారి మరింత గట్టిగా.

మర్నాడు అర్ఫాత్‌ను మట్టిలో పెట్టారు.

ఖాదర్, అర్ఫాత్ ఇద్దరిదీ ఒకే గ్రూపు రక్తం. అందుకని పోలీసులు తీసుకెళ్లిన ఖాదర్ చొక్కా మీది రక్తం ఎవరిదో గ్రూపు చూసి తేల్చే వీలు లేదు. ఇంకో దారి ఉందని ఆస్పత్రి ల్యాబ్ టెక్నీషియన్ సూర్యప్రకాశ్ తహ్సీన్‌తో చెప్పాడు. అతనిది అమలాపురం, మెత్తని మనిషి. ఎర్రకణాల్లో ఒక రకం ఎంజైము ఉంటుంది. అది ప్రొటీనే. అయితే మనిషికీ మనిషికీ దాని రూపంలో చిన్న తేడాలు ఉంటాయి. జెల్లీలాంటి పలక మీద పోసి కరెంటు పెడితే ఒక్కో రకం ఒక్కో చోట గీతగా నిలబడుతుంది. పోలీసులు అందుకు కావలసిన సామానునూ, మనిషినీ బయటినుంచి తెప్పిస్తున్నారు. పోల్చి చూడటానికి అర్ఫాత్ రక్తం అందాకా పాడవకుండా ఉండాలి. ఒంటి మీది బట్టలను ఆస్పత్రివాళ్లు కత్తిరించి కాల్చేశారు. మిగిలిందల్లా రక్తం ఎక్కించేముందు జత కుదురుతుందా లేదా చూడటానికి తీసిన ఒక్క గాజు గొట్టం. పోలీసులు దాని మూత మీద లక్క ముద్ర వేసి, అక్కడి ఫ్రీజర్‌లోనే ఉంచమన్నారు.

ఆ వారం నుంచీ ప్రతి గురువారం తహ్సీన్ ల్యాబ్‌కు వెళ్లేది. గొట్టం ఉందా అని అడిగేది. ఉందండీ అంటే చాలేది కాదు. చూడాలి. సూర్యప్రకాశ్ ఫ్రీజర్ తెరిచి తీసి చూపించేవాడు. మంచు పట్టిన గాజు మీద తమ్ముడి పేరు కనబడేది కాదు. ఆమె బొటనవేలితో మంచు తుడిచేది. ఎక్కువసేపు బయట ఉంచకూడదండీ అని అతను మొదటిసారే చెప్పాడు. ఆ తరువాత చెప్పలేకపోయాడు. కిటికీ దగ్గర రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు వరసలో నిలబడి పిలిచేవాళ్లు. అతను అటు వెళ్లగానే ఆమె గొట్టాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని బల్ల పక్కన కూర్చునేది.

భూమ్మీద మిగిలిన తమ్ముడు ఆ గొట్టంలో ఉన్నంతే. మొదట చేతులు కొంకర్లు పోయేవి. మెల్లగా వేడి ఎక్కేది. నల్లగా బిగుసుకున్న గడ్డ అంచుల దగ్గర ఎర్రబడి, జారి, కాసేపటికి గొట్టం వంచితే వంచినవైపు కదిలేది. చిన్నప్పుడు జ్వరం వస్తే అర్ఫాత్ తల ఇలాగే పట్టుకునేది ఆమె. చెప్పురా, ఖాదరే అని చెప్పు, అని పెదవి కదపకుండా అనుకునేది. పోలీసాయనతో తాను అన్న మాట నిజం కావాలంటే ఆ రక్తం ఒక్కటే దాన్ని నిజం చెయ్యగలదు. సూర్యప్రకాశ్ తిరిగి వచ్చి, ఆమె ముఖం చూసి, గొట్టం తీసుకుని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టేవాడు. లక్క ముద్ర ఎప్పుడూ చెదరలేదు.

ఆ ఏడు వేసవి సెలవులకు ఆమె ఊరికి పోలేదు. గురువారాలు కూడా మానలేదు.

స్కూలు తెరిచాక సెప్టెంబరులో ఒకరోజు తహ్సీన్ ఎనిమిదో తరగతికి టమాటా చూపించింది. ఏటా చూపించేదే. పండిన టమాటాను ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టాక తెచ్చి, పింగాణీ పళ్లెంలో బల్ల మీద ఉంచేది. పాఠం అయ్యేలోపు అది కరిగి, తోలు చిట్లకుండానే చతికిలపడి, నీరు వదిలేది. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి, మంచు సూదులై కణాల గోడల్ని పొడుస్తుంది, పైకి చూస్తే ఏమీ కాలేదనిపిస్తుంది, అని చెప్పి, వేలితో నొక్కి చూపించింది. వేలు లోపలికి దిగిపోయింది. పిల్లలు నవ్వారు. ఆమె చెయ్యి కడుక్కుంది. మర్నాడు గురువారం. ఎప్పటిలాగే ల్యాబ్‌కు వెళ్లింది.

టమాటా పాఠం అయిన రోజునే ఆ పళ్లెం కడగడానికి అజీజా వచ్చింది. ఖాదర్ జైలుకు పోయినప్పటి నుంచి ఆమె తహ్సీన్ ఎదుట పడకుండా తిరిగేది. ఆరోజు మాత్రం తలుపు దగ్గరగా వేసి, పళ్లెం చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఆపా, ఒక్కటే అడుగుతా. మీ తమ్ముడు నిజంగానే మా ఆయన పేరు చెప్పినాడా?"

తహ్సీన్ చేతిలో బోర్డు తుడిచే చెక్క డస్టర్ ఉంది. తాను ఎప్పుడు చెయ్యి ఎత్తిందో ఆమెకు తెలియదు. చెక్క అంచు అజీజా నోటికి తగిలింది. పళ్లెం పడి బద్దలైంది. పెదవి చీలి రక్తం చుబుకం మీదుగా కారుతుంటే ఆమె తుడుచుకోలేదు. తహ్సీన్ ఆమె జుట్టు పట్టుకుని గోడకు అదిమి, చెప్పినాడు, చెప్పినాడు, చెప్పినాడు, అంటూ అన్నిసార్లూ తల గోడకు కొట్టింది. ఇన్నేళ్లలో పిల్లల మీద కూడా బెత్తం ఎత్తని మనిషి.

అజీజా తిరిగి కొట్టలేదు. తహ్సీన్ ఊపిరి అందక వదిలేశాక, అజీజా ఆమె చీర కుచ్చెళ్ల వైపు చెయ్యి చూపించింది.

"చూడు, నా నెత్తురు నీ చీర మీద పడింది. ఎవురన్నా వచ్చి ఇది నీదా, నాదా అంటే నువ్వేం చెప్తావు ఆపా?"

పగిలిన పళ్లెం పెంకులు ఏరుకుని ఆమె బయటికి వెళ్లింది. హెడ్‌మాస్టరు అడిగితే మెట్ల మీద జారి పడ్డానని చెప్పిందట. ఆ సంగతి తహ్సీన్‌కు స్టాఫ్‌రూములో తెలిసింది.

అక్టోబరులో రక్తం పరీక్ష జరిగింది. ఫలితం చెప్పడానికి సూర్యప్రకాశ్ స్కూలుకే వచ్చాడు. సాయంకాలం పిల్లల బస్సులన్నీ వెళ్లిపోయాక, ఖాళీ మైదానం గోడ పక్కన నిలబడ్డారు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. చొక్కా మీది మరక ఎండిపోయి ఉన్నా గీతలు స్పష్టంగా వచ్చాయన్నాడు. అవి ఖాదర్ గీతలతో సరిపోయాయి. అర్ఫాత్ గీతలు వేరుగా ఉంటే ఖాదర్ చెప్పినమాట నిలుస్తుంది, ఆ చొక్కా అతని మీద నేరం మోపలేదు. అవి కూడా అవే అయితే చొక్కా ఎవరి పక్షమూ పలకదు.

"మరి వాడివి?" అంది తహ్సీన్.

"రాలేదండీ. గీతే లేదు. పలక మీద పొడుగూతా మసి పూసినట్టు వచ్చింది."

వచ్చిన నిపుణుడు గొట్టాన్ని వెలుగుకు పెట్టి చూసి, ఇది ఎన్నిసార్లు కరిగిందని అడిగాడట. రక్తం చింతపండు పులుసు రంగుకు తిరిగి ఉంది. గడ్డకట్టేటప్పుడు నీరు ముందు గడ్డవుతుంది, ఉప్పంతా మిగిలిన చుక్కలో చేరి ఘాటెక్కుతుంది, ఆ ఘాటుకు ప్రొటీన్ మడత విప్పుకుంటుంది. ఒకసారికి తట్టుకునేది కూడా మళ్లీ మళ్లీ చేస్తే తట్టుకోదు. తెల్లకణం పగిలిందంటే, అందులో అంతకాలం విడివిడి గదుల్లో ఉన్న కోతఎంజైములు బయటికి వచ్చి, దొరికినదాన్నల్లా నరుకుతాయి. తమ ఇంటివాళ్లనే నరుకుతాయి. కరిగి ఉన్న ప్రతి నిమిషమూ ఆ నరుకుడు సాగుతూనే ఉంటుంది. మళ్లీ గడ్డకడితే ఆగుతుంది. మళ్లీ కరిగితే మొదలవుతుంది. సూర్యప్రకాశ్ ఇదంతా పాఠం అప్పగించినట్టు చెప్పి, ఒక్కసారిగా గోడను పిడికిలితో గుద్దాడు. వేళ్ల కణుపుల మీద తోలు ఊడింది.

"ఎప్పుడూ కరగలేదని చెప్పానండీ. ముద్ర చూపించాను. ముద్రకేం, చక్కగా ఉంది. మీ చేతిలోంచి లాక్కోవలసింది నేను. ఒక్క గురువారమైనా లాక్కోవలసింది."

తహ్సీన్ ఎడమచేతి జాకెట్టు చెయ్యి మోచేతి పైకి మడిచింది. నా రక్తం తీసుకో, ఒక కడుపున పుట్టినవాళ్లం, అంది. సూర్యప్రకాశ్ తల అడ్డంగా ఊపాడు. అమ్మానాన్నలు ఉంటే ఏమైనా చెప్పగలిగేవాళ్లం, అక్కనుబట్టి తమ్ముడిది చెప్పలేం, అన్నాడు. ఆమె చాలాసేపు చెయ్యి చాపే ఉంచింది.

"ఇంక రక్తం ఏమీ చెప్పదండీ," అన్నాడతను వెళ్లబోతూ. "ఆ గదిలో ఉన్నవాళ్ల మాటలు ఒకదానికొకటి పడవు. మిగిలింది మీ తమ్ముడు మీతో అన్న మాటే."

ఆ శుక్రవారం జుమా తరువాత జహీరుద్దీన్ ఆమె ఫ్లాట్‌కు వచ్చాడు. రక్తం పాడైన సంగతి అతనికీ తెలిసింది. సూర్ రేవులో చేపల పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పని దొరికిందని, సెలవు తీసుకుని పోదామని వచ్చానని చెప్పాడు. అర్ఫాత్ పోయినప్పటి నుంచి అతను ఆ ఇంట్లో సొంత మనిషిలా తిరిగేవాడు. ఎండలో నడిచి వచ్చానాపా అంటూ నేరుగా వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచాడు.

అర్ఫాత్ సామానుతోపాటు అతని సీసా కూడా తహ్సీన్‌కు చేరింది. ఆకుపచ్చ దారంతోనే ఉంది. ఆమె రోజూ దాన్ని నింపి ఫ్రీజర్‌లో పెట్టేది, ఎవరూ తాగేవాళ్లు లేకపోయినా. పక్కన మామూలు సీసాలు మూడు ఉన్నాయి. జహీరుద్దీన్ వాటిని చేత్తో పక్కకు నెట్టి, ఆ సీసానే తీసి, గడ్డకట్టకుండా మిగిలినంత నీళ్లు గటగట తాగేశాడు. తహ్సీన్ గుమ్మంలో నిలబడి చూసింది.

"దాని మెడన దారం ఉంది," అంది.

జహీరుద్దీన్ మూతి తుడుచుకుని నవ్వాడు. "దప్పికైనోడు దారం చూస్తాడా ఆపా? వాడు కూడా ఇట్లే, దారం దారం అని పానం తీసేవోడు."

ఆమె దగ్గరికి వెళ్లి సీసా తీసుకుంది. అడుగున సగానికి పైగా మంచు గడ్డగానే ఉంది. అంత బరువునూ ఎత్తి అతని ముఖం మీద కొట్టింది. కనుబొమ చీలింది. అతను సింకు మీద పడ్డాడు. ఆమె మళ్లీ కొట్టింది, ఈసారి చెవి పైన. పళ్లేలు కింద పడ్డాయి. గచ్చు మీద నీళ్లూ రక్తమూ కలిసి పారాయి. మూడోసారి ఎత్తిన చేతిని అతను మణికట్టు దగ్గర పట్టుకుని విరిచాడు. ఎముక చప్పుడు ఇద్దరికీ వినపడింది. సీసా దొర్లి పోయింది.

జహీరుద్దీన్ ఆమెను గోడకు తోసి, ముఖం దగ్గరగా పెట్టి మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"ఎవురికి చెప్పుకుంటావో చెప్పుకో. జహీరే నీళ్లు తాగినాడని చెప్పు. తాగితే ఏమి? ఆ పొద్దు ఆస్పత్రిలో నేను నీ పక్కనే ఉన్నా. అర్ఫాత్ నోరు మెదపల్యా. నాకు తెలుసు, నీకు తెలుసు. అబద్ధం చెప్పింది నువ్వు, నేను కాదు. ఇప్పుడు నువ్వు మాట మారిస్తే ముందు నిన్ను తీసుకుపోయి లోపలేస్తారు."

కుళాయి కింద తల పెట్టి కడుక్కుని, ఆమె తుండు తీసుకుని కనుబొమకు అదుముకుంటూ వెళ్లిపోయాడు. మెట్లు దిగుతూ ఎదురుపడ్డ పక్కింటివాళ్లకు సలాం చెప్పడం ఆమెకు వినపడింది.

తహ్సీన్ గచ్చు మీదే కూర్చుని ఉండిపోయింది. నీళ్లు తాగింది ఎవరో ఆమెకు తెలిసింది. కొట్టింది ఎవరో కూడా తెలిసినట్టే ఉంది. కానీ తెలిసినట్టుండటం ఏ న్యాయమూర్తి ముందూ నిలబడదు. నిలబడగలిగింది ఆ గొట్టంలో ఉండేది. దాన్ని ఆమె రెండు చేతులా వేడిచేసి చంపింది. ఇప్పుడు ఖాదర్‌ను లోపల ఉంచింది ఒక్క మాట. అది అర్ఫాత్ మాట కాదు.

మణికట్టుకు సిమెంటు కట్టు కట్టారు. ఎడమచేత్తో బోర్డు మీద రాయడం పిల్లలు వింతగా చూశారు. అజీజా పెదవి మానింది గాని పైన చిన్న గీత మిగిలింది. ఆమె రోజూ వచ్చి తహ్సీన్ బల్ల తుడిచి, నీళ్ల గ్లాసు పెట్టి వెళుతుంది. ఒకరోజు తహ్సీన్ కట్టు కట్టిన చెయ్యి పైకెత్తలేకపోతుంటే అజీజా వచ్చి డస్టర్ తీసుకుని బోర్డు తుడిచింది. తుడిచి, డస్టర్‌ను జాగ్రత్తగా తహ్సీన్‌కు అందేచోట పెట్టి వెళ్లింది.

పోలీసు స్టేషన్ స్కూలు దారిలోనే ఉంది. రోజూ బస్సు దాని ముందే ఆగుతుంది, తహ్సీన్ కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉంటుంది. ఖాదర్ విచారణ జనవరిలో మొదలవుతుందని చెప్పారు. అర్ఫాత్ ఎవరి పేరూ చెప్పలేదన్న మాట ఆమె ఇంకా లోపలికి వెళ్లి చెప్పలేదు.